మషాతా ఖాలా చూసిపెట్టిన బిజినెస్ స్కూల్

విదేశంలో ఎంబీఏ ఎక్కడ చదవాలో తేల్చుకోవడానికి ఇప్పటి పిల్లలకు ఒక ఫోన్ చాలు. మంచం దిగకుండానే ఏ కాలేజీ క్యాంటీన్‌లో ఇవాళ ఏం వండారో కూడా చెప్పేస్తారు. మేం డిగ్రీ ముగించిన రోజుల్లో హుస్సేనీ ఆలంలో ఇంటర్నెట్ అంటే చౌరస్తా దాటాక జిరాక్సు షాపు వెనక మూడు కంప్యూటర్లు, అందులో ఒకదానికి ఎప్పుడూ జ్వరం. మా గల్లీ నుంచి దుబాయ్‌కీ, జెద్దాకీ పనికి వెళ్లినవాళ్లు ఇంటికొకరు ఉన్నారు కానీ చదువు కోసం విమానం ఎక్కినవాడు ఒక్కడూ లేడు. ఆ లోటు నేను తీర్చి తీరాలని నిశ్చయించుకున్నాను. ఎలా తీర్చానన్నది తిరిగొచ్చిన నాటి నుంచీ సభల్లోనూ, పెళ్లిళ్లలోనూ, పక్కింటివాళ్ల పిల్లల ముందూ గొప్పగా చెబుతూ వచ్చాను. అది అబద్ధం. జరిగింది జరిగినట్టు చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, ఆ హక్కు మీకుంది.

మా బాపు ఫలక్‌నుమా బస్సు డిపోలో మెకానిక్. నేను బీకాం యాభై రెండు శాతంతో, అదీ స్టాటిస్టిక్స్ రెండోసారి రాసి గట్టెక్కినవాణ్ణి. అలాంటి నాకు మూసీ అవతల ఒక కన్సల్టెన్సీలో టై కట్టుకున్నాయన కుర్చీ జరిపి, మంచినీళ్లు ఇచ్చి, "మీ ప్రొఫైల్ చాలా స్ట్రాంగ్ సార్" అన్నాడు. అంతకుముందు నన్ను సార్ అన్నది చెప్పులు కుట్టే తాత ఒక్కడే. ఆయన చేతిలో పెట్టిన బ్రోచర్ లండన్‌లో ఒక బిజినెస్ స్కూల్‌ది. రాతి భవనం, గోడ నిండా పాకిన తీగ, ముందు పచ్చటి గడ్డి, గడ్డి మీద కూర్చుని ఏదో పెద్ద హాస్యం విన్నట్టు నవ్వుతున్న నలుగురు విద్యార్థులు. దరఖాస్తు పంపిన మూడో రోజే సీటు ఖాయమని ఉత్తరం వచ్చింది. నా 'అసాధారణ ప్రతిభ'ను గుర్తించి సగం ఫీజు వాళ్లే తగ్గించారట. స్టాటిస్టిక్స్ సంగతి వాళ్లకు తెలియదా అన్న అనుమానం ఒక క్షణం వచ్చింది కానీ, ప్రతిభ ఉన్నవాడికి అలాంటి చిన్నచిన్న అనుమానాలు తగవని కొట్టిపారేశాను. మర్నాటికల్లా గల్లీలో నా పేరు 'ఫారిన్' అయిపోయింది. (టికెట్టు కొనని మనిషికి ఆ పేరు పెట్టడం మా గల్లీ ఉదారత.)

మిగిలింది ఒక్కటే. బాపు ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి సంతకం చేయాలి. బాపు బ్రోచర్‌ను ఇంజన్ చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "లోపల ఎట్లుంటదో ఇందుల లేదు కదరా" అన్నాడు. అప్పుడు అమ్మ ఒక మాట అంది. "ఇంటికి పిల్లను తెచ్చేటప్పుడు నలుగురిని అడుగుతం. ఇంట్లకెళ్లి పిల్లగాన్ని పంపేటప్పుడు అడగొద్దా? ఆపాను పిలుస్త."

ఆపా అంటే అక్క, ఎదురింటావిడను అమ్మ అలా పిలిచేది; మా పిల్లలందరికీ ఆమె ఖాలా, అంటే పిన్ని. ఆమె మషాతా. అంటే ఇల్లిల్లూ తిరిగి పెళ్లి సంబంధాలు కుదిర్చే మనిషి. మా పాతబస్తీలో ఆ పనికి ఆ పేరే ఉంది. ఆమె దగ్గర ఆకుపచ్చ రెగ్జిన్ సంచి ఒకటి ఉండేది. దాంట్లో బహదూర్‌పురా నుంచి ఫలక్‌నుమా దాకా పెళ్లీడుకొచ్చిన పిల్లలందరి ఫోటోలూ ఉండేవి. ప్రతి ఫోటో వెనకా ఉర్దూలో ఒక్క వాక్యం రాసుకునేది. అబ్బాయి ఎలాంటివాడో, అమ్మాయి ఎలాంటిదో, తన కంటికి కనపడింది అంతే. ఆ వాక్యం ఎవరికీ చూపించదు, కన్నవాళ్లు అడిగినా సరే. ఖాలా ఒప్పుకున్న సంబంధం చెడిపోయిందని మా గల్లీలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆమెకు ఉన్నదల్లా ఆ సంచీ, ఆ మంచి పేరూ.

ఖాలా వచ్చి, అమ్మ పోసిన టీ తాగి, కళ్లజోడు పెట్టుకుని బ్రోచర్ చూసింది. పేజీలు తిప్పలేదు. ముందు పేజీని మాత్రమే చాలాసేపు చూసింది.

"ఫోటోల అందరు చాంద్ కా టుక్డా లెక్కనే ఉంటరు బేటా," అంది. "అడిగినంక ఎన్ని దినాలకు ఒప్పుకున్నరు?"

"మూడు రోజులకే ఖాలా," అన్నాను గర్వంగా.

"మూడు దినాలు." ఆమె అమ్మ వైపు తిరిగింది. "బెహన్, మూడు దినాలల్ల హౌ, ఒప్పుకున్నం అన్నరంట. మీదికెళ్లి పైసలు కూడ తగ్గిచ్చిండ్రంట. పిల్ల తరపోల్లు గింత తొందర పడితే మనమేమనుకుంటం?"

ఖాలా చేతిలోంచి తీసుకుని బాపు బ్రోచర్‌ను నెమ్మదిగా నేల మీద పెట్టాడు.

"ఇది పెళ్లి కాదు ఖాలా, బిజినెస్ స్కూల్," అన్నాను.

"హౌ బేటా. అయినా ఇల్లు ఇల్లే కదా. మంచిదయితే మంచిదే, చూసొస్తే ఏం పోతది? నా చెల్లెలి కొడుకు చోటూ గా ఊర్లనే వ్యాను నడుపుతున్నడు. పొమ్మంట. నీ ఫోటో ఒకటియ్యి."

"నా ఫోటో ఎందుకు?"

"ఫోటో లేకుంట నేను ఏ సంబంధం పట్టుకోను."

పాస్‌పోర్టు కోసం తీయించుకున్న ఫోటో ఒకటి ఇచ్చాను. అందులో నేను టై కట్టుకుని ఉంటాను. ఆ టై ఫోటో స్టూడియోలో గోడకు వేలాడదీసి ఉంచేది. ఆ నెలలో చౌరస్తాలో ఫోటో దిగినవాళ్లందరి మెడలోనూ అదే ఉంటుంది. ఖాలా ఫోటో వెనక ఏదో రాసుకుని సంచీలో వేసుకుంది. ఏం రాసిందని నేను అడగలేదు. అడిగినా చెప్పదని తెలుసు.

(చోటూ గురించి ఒక మాట. పేరు చూసి పొరపడకండి. ఆరడుగుల మనిషి. చిన్నప్పుడు ఖాలా వెంట సంబంధాలు చూడ్డానికి వెళ్లి వెళ్లి, ఒక ఇంటి గుమ్మం చూసి లోపలి గుట్టు చెప్పగలిగేవాడు.)

ఆదివారం మధ్యాహ్నం చోటూ ఫోన్ చేశాడు. ఖాలా కొడుకు మొబైల్‌ను స్పీకర్లో పెట్టి వాకిట్లో తలకిందులుగా ఉన్న బకెట్ మీద నిలబెట్టాడు. సంబంధం కబురు వస్తోందంటే ఎప్పుడూ చేరినట్టే గల్లీ సగం వచ్చి చేరింది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాను. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

"సలాం ఖాలా. పోయిన," అన్నాడు చోటూ. "చెప్పకుంట పోయిన. ముందుకెళ్లి కాదు, వెనక గల్లీకెళ్లి పోయిన."

"శభాష్. ఇల్లెట్లుంది?"

"ఇల్లెక్కడిది ఖాలా. కింద కార్పెట్ల దుకాణం. పైన రెండు కమ్రాలు. కుర్చీలు, ఒక నీళ్లు కాగపెట్టే కెటిల్. అంతే."

"మరి గా రాతి బిల్డింగు?"

"గదీ అడిగిన. కార్పెట్ల ముసలాయన నవ్విండు. అది అవతలి వీధిల పాత సర్కారు కచేరీ అంట. అదే కాలేజీ అనుకొని ఫోటో దిగడానికి రోజుకొకడు వస్తడంట."

వాకిట్లో ఎవరో దగ్గారు. నేను ఇస్త్రీ మడతల్లోకి ముడుచుకుపోయాను. ఖాలా మాత్రం నా వైపు చూడలేదు. "చదువుకునే పిల్లల్ని అడిగినవా?" అంది ఫోన్‌తో.

"అడిగిన. కెటిల్ కాడ విజయవాడ పిల్లగాడు ఒకడు కలిసిండు. ఇక్కడ చదివినోళ్లకు నౌకరీలు ఎక్కడొస్తయి తమ్మీ అన్న. నేను కూడ అదే ఎవరినన్న అడుగుదామనుకుంటున్న అన్నా అన్నడు. బ్రోచర్‌ల గడ్డి చూసి వచ్చినోడంట. ఇక్కడ కార్పెట్ ఉంది అన్నడు."

గల్లీ మొత్తం నవ్వింది. బాపు కూడా నవ్వాడు. నా జీవితంలో బాపు నా మీద నవ్వింది ఆ ఒక్కసారే. నవ్వేశాక వెంటనే భుజం మీద చెయ్యి వేశాడు కానీ, అప్పటికే నాకు తల తిరిగిపోయింది. ఖాలా ఫోన్ కట్టేసి, "ఫికర్ చెయ్యకు బేటా. ఇంకో ఇల్లు చూద్దాం," అంది. నేను ఆమెతో అన్న మాట ఇది, అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "బడి మొఖం చూడని మనిషివి. బిజినెస్ స్కూల్ సంగతి నీకేమెరుక? పోయి నీ పిల్లల ఫోటోలు చూసుకో."

ఖాలా సంచీ జిప్పు మెల్లగా వేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు. బాపు సంతకం పెట్టనన్నాడు. "ఆపా చూసి చెప్పింది. నేను పెట్ట," అని ఒక్కటే మాట. నేను ఇంట్లో తిండి మానేశాను. (బయట ఇరానీ హోటల్లో రోజుకు నాలుగు చాయ్‌లూ, ఎనిమిది ఉస్మానియా బిస్కెట్లూ సాగాయి. అది నిరాహారదీక్ష కిందికి వస్తుందో రాదో పెద్దలే చెప్పాలి.) ఆ హోటల్లోనే 'రేడియో' అనే స్నేహితుడు ఉండేవాడు. వాడికి చెబితే గల్లీకంతా చెప్పినట్టే. అది తెలిసే వాడికి చెప్పాను. "వాళ్ల చోటూ వ్యాను నడుపుతుంటే నేను ఎంబీఏ చదువుతనని ఓర్వలేక చెడగొట్టింది. ఆమె చెయ్యి మంచిది కాదు. కుదిరిన సంబంధం కూడ ఆమె చెయ్యి పడితే నిలవది," అన్నాను. చెబుతున్నప్పుడే అది నిజం కాదని తెలుసు. అయినా ఆపుకోలేదు, చాయ్ చల్లారేదాకా చెప్పాను.

రేడియో తన పని తాను చేశాడు. నాలుగు రోజులకు నేను మా మేడ మీద నిలబడి ఉండగా, వెనక గల్లీలోంచి ఒకావిడ ఖాలా ఇంటికి వచ్చింది. వాకిట్లోనే నిలబడి ఏదో అంది. ఖాలా మారు మాట్లాడకుండా సంచీ తెచ్చి, వెతికి, ఒక ఫోటో తీసి, దాన్ని దుపట్టా కొంగుతో తుడిచి ఆవిడ చేతిలో పెట్టింది. మర్నాడు ఇంకొకరు. ఆ వారం చివరికి ఆ ఆకుపచ్చ సంచి గోడకు తగిలిస్తే సగం ఖాళీగా వేలాడేది. కిందికి వెళ్లి అబద్ధం చెప్పానని ఒప్పుకుందామని మెట్లు దిగాను. మూడు మెట్లు దిగి, మళ్లీ మూడు ఎక్కాను. నా జీవితంలో నేను చేసిన అతి చిన్న ప్రయాణం అదే. ఆ ప్రయాణమే నన్ను ఇన్నేళ్లు వెంటాడింది.

నాలుగైదు నెలలకు ఆ లండన్ కాలేజీ మూతపడింది. చోటూ కబురు పంపాడు: "కార్పెట్లు పైకెక్కినయి." ఈ సంగతి రేడియోకు చెప్పవచ్చు కదా? చెప్పలేదు. చెబితే ఖాలా నిజమూ, నేను అబద్ధమూ అవుతాం. బదులుగా గొంతు సవరించుకుని, ఈసారి నేనే సొంతంగా, శాస్త్రీయంగా మరో స్కూల్ వెతుకుతానని ఇంట్లో ప్రకటించాను. శాస్త్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు చెబుతాను. ఆ సాయంత్రం ఖాలా ప్రహరీ గోడ మీదుగా అమ్మతో మాట్లాడుతుంటే నేను తలుపు వెనక నిలబడి విన్నాను. నేను అక్కడున్నానని ఆమెకు తెలుసు. అందుకే ఆమె గొంతు కొంచెం పెంచింది.

"పిల్లగానికి చెప్పు బెహన్. అడగంగనే ఒప్పుకునే ఇంటిని ఇంకోసారి చూడాలె. అత్తను అడిగితే ఏం చెప్తది, మా ఇల్లు జన్నత్ అంటది. కోడలినడగాలె. ఆ ఇంట్లకెళ్లి వెళ్లిపోయిన కోడలుంటే ఇంకా మంచిగ అడగాలె. వాళ్లు మనల్ని పది మాటలు అడిగిండ్రంటే మంచి ఇల్లన్నట్టు. పిల్ల విలువ తెలిసినోల్లే పిల్లగాన్ని గీకి చూస్తరు."

మర్నాడు జిరాక్సు షాపు వెనక, జ్వరం లేని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కాలేజీలకు రాయడం మానేసి, అక్కడ చదివి వెళ్లిపోయినవాళ్లకు రాయడం మొదలుపెట్టాను. మీకు పని ఎన్నాళ్లకు దొరికింది, దొరకనివాళ్లు ఏం చేస్తున్నారు, మళ్లీ అవకాశం వస్తే అక్కడే చేరతారా అని అడిగాను. రోజూ సాయంత్రం ఒక గంట, అలా ఆరు నెలలు. జవాబు ఇచ్చినవాళ్లు తక్కువ. కానీ ఉత్తర ఇంగ్లాండ్‌లో ఓ చలి ఊరి స్కూల్ గురించి రాసినవాళ్లందరూ ఒకేలా విసుక్కున్నారు, ఒకేలా మెచ్చుకున్నారు. దాని బ్రోచర్ తెప్పించాను. ముఖచిత్రం మీద వర్షం. ఎవరూ నవ్వడం లేదు. దరఖాస్తు పంపితే ఫోన్ చేసి ముప్పావుగంట గీకారు. ఇదే చదువు ఎందుకు, ఇన్నాళ్లూ ఏం పని చేశావు, ఎవరితోనైనా గొడవ పడి తప్పు నీదేనని ఒప్పుకున్న సందర్భం చెప్పు అన్నారు. ఆఖరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రెండేళ్లు ఎక్కడైనా పని చేసి రమ్మని రాశారు.

మొదట కోపం వచ్చింది. తర్వాత ఖాలా మాట గుర్తొచ్చి ఫలక్‌నుమాలో బీరువాలు తయారుచేసే చిన్న వర్క్‌షాపులో చేరాను. రెండేళ్లు ఇనుప రేకుల మధ్య, దుకాణాల వాళ్ల తిట్ల మధ్య పని చేసి మళ్లీ దరఖాస్తు పెట్టాను. ఈసారి తీసుకున్నారు. బాపు బ్రోచర్ మీది వర్షం చూసి, "ఇది నిజం ఫోటోనే," అని సంతకం పెట్టాడు. వెళ్లాను, తడిశాను, చదివాను, తిరిగొచ్చి ఇదే ఊళ్లో మంచి ఉద్యోగంలో కుదురుకుని, గల్లీ వదిలి మూసీ అవతలికి మారిపోయాను. అంత మంచి స్కూల్ ఎలా పట్టావని అడిగినవాళ్లందరికీ ఒకే జవాబు: "పరిశోధన." కొన్నాళ్లకు దానికి స్లయిడ్లు కూడా తయారయ్యాయి. ప్రవేశ ప్రమాణాల కఠినత్వం, పూర్వ విద్యార్థులతో సంభాషణ, ముందస్తు సమాచారం లేని సందర్శన. చూశారుగా, ఖాలా మాటలకు స్టూడియో టై కట్టానన్నమాట.

పోయిన నెల బహదూర్‌పురాలో ఒక ఫంక్షన్ హాలులో పిల్లలను కూర్చోబెట్టి ఈ స్లయిడ్లే చూపిస్తున్నాను. చివర్లో ఒకమ్మాయి లేచి, "సార్, పోయిన స్టూడెంట్స్‌ని అడగాలన్నది మస్తుగుంది. మీకెవరు చెప్పిండ్రు?" అంది. "సొంత అనుభవం," అన్నాను. అన్నాకే కనపడింది. ఆ అమ్మాయి పక్క కుర్చీలో, మూడో వరుసలో, ఖాలా. ప్రశ్న అడిగిన ఆ మనవరాలి వెంట వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది. కళ్లజోడు సర్దుకుని, నా స్లయిడ్‌ను ఆ రోజు బ్రోచర్ చూసినట్టే చూసి, చిన్నగా నవ్వి తల దించుకుంది. చప్పట్లు కొట్టిన వాళ్లలో ఆమె కూడా ఉంది.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. ఇంతకాలం దాచిందంతా గడగడా చెప్పేశాను. రేడియోకు నేనే చెప్పానన్న ముక్క మాత్రం రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

"నాకు గప్పుడే ఎరుక," అంది ఖాలా. "చాయ్ హోటల్ల చెప్పిన మాట గల్లీ తిరిగి మా ఇంటికి రాదా?"

"మరి ఎందుకు అడగలేదు ఖాలా?"

"నువ్వొచ్చి చెప్తవనుకున్న. జరంత లేటయింది." ఆమె గోడకున్న సంచి వైపు చూసింది. "పదకొండు ఫోటోలు వాపస్ పోయినయి బేటా. మళ్ల రాలే. మెల్లగ పనే బందయింది. గిప్పుడంటే అందరు ఫోన్లల్లనే చూసుకుంటుండ్రు, ఎట్లయిన బందయ్యేదే అనుకో. కని గప్పుడు ఫోన్లల్ల సంబంధాలు లేవు."

చలి ఊరివాళ్లు అడిగిన ఆఖరి ప్రశ్న గుర్తొచ్చింది. "ఏం చెయ్యమంటవో చెప్పు ఖాలా," అన్నాను.

"ఏడ చెప్పినవో ఆడనే చెప్పు."

చౌరస్తాకు నడిచాను. ఆ ఇరానీ హోటల్ ఇప్పుడు లేదు. రేడియో ఉన్నాడు, మొబైల్ రిపేర్ల షాపు నడుపుతున్నాడు. నా మాటంతా విని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "ఇరవై ఏండ్లకు సవరణ ఇస్తున్నవా? నువ్వు చెప్పినప్పుడు కూడ నేను నమ్మలే భాయ్."

"నమ్మకపోతే ఎందుకు చెప్పినవ్ అందరికి?"

"ముచ్చట మస్తుండె, గందుకు." వాడి ముఖం చిన్నబోయింది. షట్టర్ దించాడు. "పా, పోదాం. ఏ ఇండ్లకు చెప్పిన్నో నాకు యాదికున్నయి."

పదకొండు ఇళ్లలో ఏడు దొరికాయి. తలుపు తట్టి, ఇరవై ఏళ్ల కిందట మషాతా ఖాలా గురించి మీరు విన్నది అబద్ధమని, ఆ అబద్ధం చెప్పింది నేనేనని చెప్పాం. కొందరికి గుర్తే లేదు. ఒకావిడ మాత్రం చాలాసేపు గుమ్మం పట్టుకుని నిలబడి, "ఫోటో ఆమె దగ్గరున్నప్పుడే మా బిడ్డకు మంచి సంబంధం దగ్గరపడ్డది. నేనే వాపస్ తెచ్చుకున్న," అని తలుపు వేసుకుంది. మిగిలిన నాలుగిళ్లు ఎక్కడెక్కడికో మారిపోయాయి. వెతుకుతున్నాను. ఈ వ్యాసం అచ్చులో వారి కంటపడితే, ఇదే నా మాట అనుకోవాలి. మొదటి స్లయిడ్‌లో ఇకపై ఖాలా ఫోటో వేస్తానంటే మాత్రం ఆమె ఒప్పుకోలేదు. "ఫోటోను నమ్మొద్దని చెప్పిందే నేను. పేరు చెప్పు, చాలు," అంది.

ఇదంతా రాసి ఆమెకు చదివి వినిపించాను. అన్నీ విని, "చోటూ ఆరడుగులు కాదు, అయిదు అడుగుల పదకొండు. సంబంధాల కాడ ఒక ఇంచు కూడ ఎక్కువ చెప్పొద్దు," అంది. తర్వాత మనవరాలిని పిలిచి గోడ మీది ఆకుపచ్చ సంచి దించమంది. రెగ్జిన్ పెచ్చులు లేచిపోయింది. అడుగున ఇంకా కొన్ని ఫోటోలున్నాయి. అందులోంచి ఒకటి తీసి, దుపట్టా కొంగుతో తుడిచి నాకిచ్చింది. స్టూడియో టై కట్టుకుని, అప్పుడే ప్రపంచాన్ని కొనేసి చిల్లర కోసం ఎదురుచూస్తున్నట్టు ముఖం పెట్టిన ఓ బక్కపలచటి కుర్రాడు. వెనక ఉర్దూలో ఒక వాక్యం. నాకు చదవడం రాదు. మనవరాలు చదివి చెప్పింది: "పిల్లగాడు మంచోడే, తొందర ఎక్కువ, రెండేండ్లు ఆగితే పనికొస్తడు."

"నేను అన్ని మాటలన్నంక కూడ కొట్టెయ్యలేదా ఖాలా?" అన్నాను.

"ఒకసారి రాసినంక కొట్టేసుడు నా కాడ లేదు," అంది ఖాలా. "కని లెక్క తప్పింది. రెండు కాదు, ఇరవై."

ఆ ఫోటో ఇప్పుడు నా బల్ల మీద ఉంది. అప్పుడప్పుడు వాణ్ణి చూసి, కొంచెం ఆగరా నాయనా అంటూ ఉంటాను. వాడు వినడు. టై బిగించుకుని, గడ్డి ఉన్న వైపే చూస్తూ ఉంటాడు.